ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ఉద్యోగం ఎలా ఉంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాలు, పక్కింటివాళ్లు, పాత క్లాస్‌మేట్ల పిల్లలు. అందరివీ దాదాపు అవే ప్రశ్నలు. నేను బీటెక్ అయ్యాక రెండేళ్లు ఒక ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో చేశాను. తర్వాత విద్యుత్ పంపిణీ సంస్థలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరి సెక్షన్, అంటే కొన్ని ఊళ్ల కరెంటు బాధ్యత, చూశాను. ఇప్పుడు రిలేలు (లైనులో లోపం కనిపెట్టి కరెంటు ఆపించే పరికరాలు), మీటర్లు పరీక్షించే ఎంఆర్‌టీ విభాగంలో ఉన్నాను. ఇన్నేళ్లుగా ఫోన్లో చెబుతున్నవాటినే ఇక్కడ రాస్తున్నాను.

మా అబ్బాయికి ఈఈఈలో (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) సీటొచ్చింది. చేర్పించమంటారా సార్?

అబ్బాయిని ఒకసారి ఫోన్ దగ్గరికి పిలవండి అంటాను. ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే కెపాసిటర్ పోయిందేమో అని చూసే రకమా, లేక రిపేరు మనిషిని పిలిచి ఊరుకునే రకమా అని అడుగుతాను. మొదటి రకమైతే కళ్లు మూసుకుని చేర్పించండి.

సీఎస్‌ఈ రాలేదు కాబట్టి ఈఈఈ అనుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. అది తప్పేమీ కాదు. అలా వచ్చినవాళ్లలో కొందరు మెషీన్స్ ల్యాబులోకి వెళ్లాక మనసు మార్చుకోవడం నేను చూశాను. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒక్కటే లక్ష్యమైతే నెట్‌వర్క్స్, మెషీన్స్, పవర్ సిస్టమ్స్ నాలుగేళ్లూ బరువుగానే ఉంటాయి. ఆ మాట ముందే తెలిసి చేరాలి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడకండి, మెషీన్స్ ల్యాబు చూపించమనండి. మోటార్ల మీద దుమ్ము ఎంత ఉంది, బ్రష్‌లు అరిగిన గుర్తులున్నాయా, సింక్రనైజింగ్ బల్బులు వెలుగుతాయా అని అడగండి. దుమ్ము పట్టిన ల్యాబు ఉన్న కాలేజీలో ఈఈఈ చదవడం నీళ్లు లేని చెరువులో ఈత నేర్చుకోవడమే.

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ రెండూ ఒకటేనా?

వేర్లు ఒకటే, కొమ్మలు వేరు. కరెంటును శక్తిగా వాడేది ఎలక్ట్రికల్, సమాచారంగా వాడేది ఎలక్ట్రానిక్స్. ఇప్పుడు ఆ గీత బాగా చెరిగిపోయింది. సోలార్ ఇన్వర్టరులో, ఎలక్ట్రిక్ స్కూటరు కంట్రోలరులో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి.

ఎలక్ట్రికల్ ఇంజినీరు రోజంతా చేసే పని ఏమిటి?

పనిచేసే చోటును బట్టి మారుతుంది. నేను బాగా ఎరిగిన సెక్షన్ ఏఈ పని చెబుతాను.

తెల్లవారుజామున 5 గంటలకు సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫోన్ చేస్తాడు: "సార్, టౌన్ ఫీడర్ ట్రిప్పయింది. టెస్ట్ చార్జ్ చేశాం, నిలబడట్లేదు." ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే లైను. అది తనంతట తాను ఆగిపోయింది, మళ్లీ కరెంటు ఇచ్చి చూసినా నిలవట్లేదని అర్థం. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఎర్త్ ఫాల్టా, ఓవర్ కరెంటా?" రిలే మీద ఏ గుర్తు పడిందో దాన్నిబట్టే వెతుకులాట. ఎర్త్ ఫాల్ట్, అంటే కరెంటు నేలలోకి పోతుంటే, కొమ్మ తగిలి ఉండవచ్చు, ఇన్సులేటర్ (తీగను స్తంభానికి తగలకుండా పట్టే పింగాణీ గుబ్బ) పంక్చరై ఉండవచ్చు. ఓవర్ కరెంటు, అంటే మోతాదు మించి కరెంటు పారితే, రెండు తీగలు కలిశాయేమో చూడాలి.

తర్వాత లైన్‌మన్‌తో కలిసి ఫీడరు మధ్యలో ఉన్న ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) దగ్గరికి వెళ్తారు. స్విచ్ తెరిచి సబ్‌స్టేషన్ వైపు సగాన్ని చార్జ్ చేయిస్తారు. నిలబడిందంటే లోపం రెండో సగంలో ఉన్నట్టు. దాన్ని మళ్లీ సగం చేస్తారు. ఇలా వెళ్తే పది కిలోమీటర్ల లైను కాస్తా చివరికి నాలుగైదు స్తంభాలు అవుతుంది. అక్కడ కూడా పగిలిన పిన్ ఇన్సులేటర్ కింది నుంచి కనబడదు. లైన్‌మన్ పైకెక్కి చేత్తో తిప్పి చూస్తే వెంట్రుకంత గీత ఉంటుంది. ఆ గీత కోసమే ఊరంతా చీకట్లో ఉంది.

మిగతా రోజంతా కాగితాలు, మనుషులు. కొత్త సర్వీసులకు ఎస్టిమేట్లు, ఓవర్‌లోడైన ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా, చెట్ల కొమ్మలు కొట్టించడం, బిల్లు బకాయిలు, సర్పంచ్ గారి ఫోను. కాలేజీలో ఎవరూ చెప్పని సంగతి ఇదే: సెక్షన్ ఏఈ పనిలో సగం మనుషులతో మాట్లాడటమే.

ఎంఆర్‌టీలో పని వేరు. బ్రేకరు (లైనును కలిపే, విడదీసే పెద్ద స్విచ్) ఆపి, టెస్ట్ కిట్‌తో రిలేకు దొంగ ఫాల్ట్ కరెంటు ఇచ్చి, అది చెప్పిన సమయంలో ట్రిప్ ఇస్తుందా లేదా అని చూస్తాం. ఇక్కడ మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. కరెంటు పారుతున్న సీటీ (పెద్ద కరెంటును కొలవడానికి వీలుగా తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ వైరును ఎప్పుడూ విప్పకూడదు. విప్పితే ఆ చివర్ల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజీ పుడుతుంది. ముందు షార్ట్ లింకు వేసి (రెండు చివర్లనూ కలిపి), రెండోసారి సరిచూసుకుని, అప్పుడే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి.

కరెంటు తయారుచేసే జెన్‌కో, ఎన్‌టీపీసీ ప్లాంట్లలో షిఫ్టులు. కరెంటు ఉత్పత్తి, వాడకం సరితూగేలా చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్లో కూర్చున్నవాళ్లు 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని కనిపెట్టుకుని ఉంటారు. గ్రిడ్ అంటే కలిసి నడిచే ప్లాంట్లు, లైన్ల వల. దాని నియమాల (గ్రిడ్ కోడ్) ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైపోయినప్పుడు మనకు కరెంటు పోలేదు, గుర్తుందా? అప్పటికి దక్షిణ గ్రిడ్ ఆ గ్రిడ్‌తో నేరుగా కలవలేదు. విశాఖ గాజువాకలో ఉన్నట్టు ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చే కేంద్రాల ద్వారానే కరెంటు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇప్పుడు ఎక్కడ తుమ్మినా అందరికీ తెలుస్తుంది. ఆ గదిలో ఉద్యోగం అంటే ఏమిటో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఐటీఐ, డిప్లొమా, బీటెక్. దేనికి ఏ పని వస్తుంది?

ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివినవాళ్లు జూనియర్ లైన్‌మన్ పోస్టులకు వెళ్లవచ్చు. దానికి స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లు చేస్తున్నదీ ఇదే తరహా పని. పాలిటెక్నిక్ డిప్లొమాతో సబ్ ఇంజినీరు, రైల్వేలో జేఈ (జూనియర్ ఇంజినీరు), ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్ పోస్టులున్నాయి. బీటెక్‌తో ఏఈ. ఆ తర్వాత ఏడీఈ, డీఈ, ఎస్ఈ అంటూ మెట్లు. హోదాల పేర్లు సంస్థను బట్టి కొంచెం మారతాయి.

పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి డిప్లొమా చేసి, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి గురించి తల్లిదండ్రులు చాలామంది పట్టించుకోరు. నా అనుభవంలో ఆ దారిన వచ్చిన పిల్లల చేతికి పని బాగా వస్తుంది. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పట్టుకోవడం, వైరింగ్ డ్రాయింగ్ చదవడం వాళ్లకు అప్పటికే అలవాటైపోయి ఉంటుంది.

కరెంటాఫీసులో ఉద్యోగం ఎలా వస్తుంది?

మొదట ఒక మాట. కరెంటాఫీసు అంటూ ఒక్కటి లేదు. పాత విద్యుత్ బోర్డు 1999లో జెన్‌కో (ఉత్పత్తి), ట్రాన్స్‌కో (పెద్ద లైన్లు)గా విడిపోయింది. 2000లో పంపిణీ సంస్థలు (డిస్కంలు) వేరయ్యాయి. కాబట్టి తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలు విడివిడిగా నోటిఫికేషన్లు ఇస్తాయి. రాత పరీక్ష ఉంటుంది, ఎక్కువ మార్కులు సబ్జెక్టుకే.

చిక్కల్లా నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే. మూడు నాలుగేళ్లు రాకపోవచ్చు. దాని కోసం గదిలో కూర్చుని వయసు కరిగించుకున్నవాళ్లను చూసి బాధపడ్డాను. ఏదో ఒక ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు చదువుకోండి. పనిచేస్తూ చదివితే సిలబస్‌లోని రిలే, ట్రాన్స్‌ఫార్మర్ కంటికి కనబడతాయి కూడా.

డబ్బు ఇస్తే పోస్టు ఇప్పిస్తామని చెప్పేవాళ్లు ప్రతి నోటిఫికేషన్‌కూ పుట్టుకొస్తారు. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

గేట్ రాయాలా?

రాయండి. పవర్‌గ్రిడ్, ఎన్‌టీపీసీ లాంటి కేంద్ర సంస్థలు ఇంజినీర్లను తీసుకోవడానికి గేట్ మార్కులు వాడుతున్నాయి. అక్కడ ఈ2 గ్రేడు మూల వేతన స్కేలు 50,000 నుంచి 1,60,000 రూపాయల దాకా ఉంటుంది. పైన అలవెన్సులు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎంటెక్ చేయాలనుకునేవాళ్లకు ఐఐటీలు, వరంగల్ ఎన్ఐటీ దారి కూడా అదే. యూపీఎస్‌సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షలో ఎలక్ట్రికల్ ఒక విభాగం. అది ఇంకా కష్టం, దాని ప్రిపరేషన్ వేరుగా ఉండాలి.

ప్రైవేటులో జీతాలు తక్కువంటారు. నిజమేనా?

మొదటి రెండు మూడేళ్లు నిజమే. ఐటీలో చేరిన స్నేహితుడి జీతంతో పోల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది. నాకూ అయింది. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో అద్దె కట్టగా మిగిలేది మెస్సు బిల్లుకే సరిపోయేది. కానీ అక్కడే కోర్ లామినేషన్లు పేర్చడం, వైండింగు చుట్టడం, ఆయిల్ టెస్టు అన్నీ కళ్లతో చూశాను. ఇప్పటికీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ శబ్దం విని తేడా పట్టగలుగుతున్నానంటే ఆ రెండేళ్ల పుణ్యమే.

అవకాశాలు చాలాచోట్ల ఉన్నాయి. పరవాడ, అచ్యుతాపురం, పటాన్‌చెరు వైపు ఫార్మా, కెమికల్ ఫ్యాక్టరీలన్నిటికీ ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇంజినీర్లు కావాలి. హైదరాబాద్ చుట్టూ వచ్చిన డేటా సెంటర్లలో ఒక్క సెకను కూడా కరెంటు పోకూడదు కాబట్టి యూపీఎస్, డీజీ సెట్లు (డీజిల్ జనరేటర్లు) తెలిసినవాళ్లకు మంచి గిరాకీ. డిజైన్ ఆఫీసుల్లో ఆటోక్యాడ్, ఈట్యాప్ సాఫ్ట్‌వేర్ల మీద పని. పీఎల్‌సీ, స్కాడా (యంత్రాలను కంప్యూటర్‌తో నడిపే పద్ధతులు) వస్తే ఆటోమేషన్ కంపెనీలు. అయిదారేళ్లు ఒక్క విషయం గట్టిగా పట్టుకున్నవాడికి జీతం గురించి నేను బెంగపడను. ఏడాదికో రంగం మారేవాడి గురించే నా బెంగ.

ప్రమాదం కదండీ?

అవును, ప్రమాదమే. కాదని చెప్పేవాణ్ని నమ్మకండి. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఇంజినీర్లూ ఉన్నారు. ఈ రంగంలో ఉన్న ఎవరికైనా ఆ రోజు గుర్తుంటుంది.

నేను ఏఈగా చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. ఒక 11 కేవీ (11 వేల వోల్టుల) లైను చివరి భాగంలో జంపర్ (రెండు తీగలను కలిపే ముక్క) మార్చాలి. ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ (లైనులో కరెంటు ఆపామన్న అనుమతి కాగితం), తీసుకున్నాం. బ్రేకరు తీశారు. మధ్యలో ఏబీ స్విచ్ కూడా తెరిచాం. నా లెక్కలో లైను చచ్చిపోయింది. తొందరగా ఎక్కమన్నాను. సీనియర్ లైన్‌మన్ కదల్లేదు. "ఆగండి సార్, రాడ్డు వేయనివ్వండి" అన్నాడు. డిశ్చార్జ్ రాడ్డు (తీగను నేలకు కలిపే కర్ర) తీగకు తగలగానే ఫట్‌మని నిప్పులు రాలాయి. నా చేతిలో ఎల్‌సీ కాగితం ఉంది, ఎదురుగా తీగలో కరెంటు ఉంది.

తర్వాత తెలిసింది. కొంచెం దూరంలో ఒక ఫంక్షన్ హాలుంది. దానికి సొంత ట్రాన్స్‌ఫార్మర్. కరెంటు పోగానే వాళ్లు జనరేటర్ వేశారు. చేంజోవర్ స్విచ్ (మా కరెంటు, జనరేటర్ రెండిట్లో ఒక్కదాన్నే కలిపేది) సరిగ్గా పెట్టలేదు. జనరేటర్ 400 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి వెళ్లి, మా వైపు వేల వోల్టులుగా బయటికొచ్చాయి. ప్రైమరీ, సెకండరీ అన్నవి మనం పెట్టుకున్న పేర్లు. ట్రాన్స్‌ఫార్మర్‌కు అవేమీ పట్టవు, ఎటు ఇస్తే అటు నుంచి రెండో వైపుకు మార్చేస్తుంది. నాకు ఆ సూత్రం పరీక్షలో బాగా వచ్చు. స్తంభం కింద మాత్రం గుర్తు రాలేదు. ఆ లైన్‌మన్ పెద్దగా చదువుకోలేదు, కానీ ఆయన చేతికి ఆ సూత్రం తెలుసు.

అప్పటి నుంచి నా పద్ధతి ఒక్కటే. ఎల్‌సీ తీసుకోవాలి. లైనులో కరెంటు లేదని టెస్టర్‌తో చూడాలి. పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ చేయాలి. అప్పటిదాకా ఎవరూ తీగను ముట్టకూడదు. పై నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా, కింద జనం ఎంత అరిచినా సరే.

లెక్కలు అంత అవసరమా?

కాలేజీలో చేసే ఇంటిగ్రల్స్ రోజూ రావు. కానీ చిన్న లెక్క వేగంగా వేయగలగాలి. ఉదాహరణకు 100 కేవీఏ (కేవీఏ అంటే సామర్థ్యపు కొలత) ట్రాన్స్‌ఫార్మర్. 11 కేవీ వైపు పారేది 5 ఆంపియర్ల చిల్లర. 433 వోల్టుల వైపు 133 ఆంపియర్లు. ఇది నోటికి రావాలి.

పొలాల దగ్గర పెట్టే 25 కేవీఏ చూద్దాం. దాని నుంచి 33 ఆంపియర్లు తీసుకోవచ్చు. 5 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద ఒక్కొక్కటి సుమారు ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది. అంటే నాలుగు మోటార్లు హాయిగా నడుస్తాయి. మరి ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు కాలిపోతాయి? ఎవరికీ చెప్పకుండా ఐదోది, ఆరోది తగిలిస్తారు. పైగా అందరూ ఆటో స్టార్టర్లు పెడతారు. త్రీఫేజ్ రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచే క్షణంలో ఒక్కో మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది. రోజూ ఈ దెబ్బ తింటే ఏ వైండింగు నిలుస్తుంది? రైతు దాన్ని ట్రాక్టర్లో వేసుకుని రిపేరు షెడ్డుకు తెచ్చేసరికి పంట ఎండుతూ ఉంటుంది. ఆ రైతుకు కోపం తెప్పించకుండా, ఆయన భాషలో ఈ లెక్క చెప్పి ఆటో స్టార్టరు తీయించగలిగితే మీరు మంచి ఇంజినీరు.

అమ్మాయిలకు ఈ ఉద్యోగం సరిపోతుందా?

సరిపోతుంది. సబ్‌స్టేషన్లు, టెస్టింగు, డిజైన్, లోడ్ డిస్పాచ్ అన్నిచోట్లా ఆడపిల్లలు ఇంజినీర్లుగా పనిచేస్తున్నారు. తెలంగాణలో కోర్టుకు వెళ్లి మరీ హక్కు సాధించుకుని, స్తంభం ఎక్కే పరీక్ష పాసై లైన్‌వుమన్‌గా చేరినవాళ్లున్నారు. ఇబ్బంది పనిలో లేదు, సౌకర్యాల్లో ఉంది. ఊరికి దూరంగా ఉండే సబ్‌స్టేషన్లలో సరైన టాయిలెట్ కూడా లేని చోట్లు నేను చూశాను. ఆ లోటు సంస్థలు తీర్చాలి. అమ్మాయిలు వెనక్కి తగ్గాల్సిన పని లేదు.

సోలార్, ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి కదా. పాత సబ్జెక్టు పనికొస్తుందా?

ఇంకా ఎక్కువ పనికొస్తుంది. కర్నూలు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మధ్యాహ్నం కరెంటు పుష్కలం, సూర్యుడు దిగేసరికి అందరూ లైట్లు వేసే వేళకు అది సున్నా. ఆ లోటు పూడ్చేది ఎవరు? శ్రీశైలం ఎడమగట్టులోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లు నీళ్లు దిగినప్పుడు కరెంటు ఇస్తాయి, కరెంటు మిగిలినప్పుడు అవే పంపులై నీళ్లను పైకి తోడగలవు. ఇలాంటి పంప్డ్ స్టోరేజీ, బ్యాటరీ స్టోరేజీ పనులకు ఇంజినీర్లు చాలామంది కావాలి.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో ఇళ్ల మీద ప్యానెళ్లు పెరుగుతున్నాయి. దాంతో మాకు కొత్త తలనొప్పి. ఇన్నాళ్లూ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకే పారింది. ఇప్పుడు కొన్ని వీధుల్లో మధ్యాహ్నం వెనక్కి పారుతోంది. వీధి చివర వోల్టేజీ పెరుగుతుంది. ఫంక్షన్ హాలు కథ చెప్పాను కదా, గ్రిడ్ పోగానే సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయేలా చేసే రక్షణ అందుకే పెట్టారు. దాన్ని పరీక్షించేవాళ్లు కావాలి. పవర్ ఎలక్ట్రానిక్స్, ప్రొటెక్షన్ ఈ రెండూ గట్టిగా చదవండి.

గల్ఫ్, అమెరికా?

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఎలక్ట్రీషియన్లు గల్ఫ్‌కు వెళ్లడం ఎప్పటి నుంచో ఉంది. ఇంజినీరుగా వెళ్లాలంటే మూడు నాలుగేళ్ల సైట్ అనుభవం చేతిలో పెట్టుకుని వెళ్లండి. సౌదీలో ఇంజినీర్ల కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఏజెంటు మాట మీద విమానం ఎక్కకండి, కాగితంలో ఉద్యోగం పేరు ఏమని రాశారో చదవండి. అమెరికాలో ఎంఎస్ చేసేవాళ్లు పవర్ సిస్టమ్స్ తీసుకుంటే యుటిలిటీల్లో, కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది.

సొంతంగా కాంట్రాక్టులు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ నుంచి లైసెన్సు కావాలి. హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసులు, ఎత్తైన భవనాల పనుల్లో వాళ్ల తనిఖీ, అనుమతి ఉంటాయి. లైసెన్సు అద్దెకు తెచ్చుకుని పనిచేసేవాళ్లతో కలవకండి. ఏదైనా జరిగితే సంతకం పెట్టినవాడే జవాబు చెప్పాలి.

టెన్షన్ ఎక్కువంటారు. ఇంట్లోవాళ్లు ఎలా భరిస్తారు?

పంపిణీ వైపు వస్తే ఫోను ఆపుకుని పడుకోలేరు. వానాకాలం, ఎండాకాలం గాలిదుమారాలు మరీ కష్టం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు వేల స్తంభాలు నేలకూలాయి. వేరే జిల్లాల నుంచి సిబ్బంది వెళ్లి రోజుల తరబడి అక్కడే ఉన్నారు. పండగ పూట మన ఇంట్లో ఉండలేకపోవడం మామూలే. మా ఇంట్లో దసరా భోజనం నాకు చాలాసార్లు క్యారియర్లోనే వచ్చింది. పెళ్లికి ముందే ఈ సంగతి చెప్పేయడం మంచిది. ఇది పడనివాళ్లు డిజైన్, టెస్టింగు, బోధన వైపు వెళ్లవచ్చు, అదీ ఇదే వృత్తి.

నేను రెండో ఏడాదిలో ఉన్నాను. సెలవుల్లో ఏం చేయమంటారు?

మీ కాలేజీకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోండి. ఎలక్ట్రీషియన్‌ను అన్నా అని పలకరించి, హెచ్‌ఓడీ గారి అనుమతి తీసుకుని పవర్ రూముకు వెళ్లండి. 11 కేవీ కేబులు ఎటు నుంచి వచ్చింది, మీటరు ఎక్కడుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ, నేమ్‌ప్లేట్ మీద వెక్టర్ గ్రూపు (వైండింగులు కలిపిన తీరు) ఏమిటి, డీజీ సెట్‌కు చేంజోవర్ ఎలా పెట్టారు, అన్నీ రాసుకోండి. ఇంటికొచ్చి ఒక్క కాగితం మీద సింగిల్ లైన్ డయాగ్రం (మూడు తీగలనూ ఒకే గీతగా చూపే బొమ్మ) గీయండి. మొదటిసారి తప్పులొస్తాయి. మర్నాడు వెళ్లి సరిచూసుకోండి. పాదాలకు బూట్లు ఉండాలి, చేతులు జేబులో ఉండాలి, ఏ ప్యానెల్ తలుపూ మీరు తెరవకూడదు.